గ్యాసుకు కొత్త పండగ

ఆ కాలంలో గ్యాసు కనెక్షనంటే ఇప్పటిలా ఫోను చేస్తే గుమ్మంలోకి వచ్చేది కాదు. నాన్న గ్యాసుకి పేరు రాయించినప్పుడు నేను ఆరో తరగతి. తర్వాత నేను డిగ్రీ పాసయ్యాను, తమ్ముడికి మీసాలొచ్చాయి, నాన్న పనిచేసే గోనెసంచుల మిల్లు లాకౌటయింది, మా పేరు మాత్రం జాబితాలో ఉన్నచోటనే ఉంది. అమ్మ రేషను కిరసనాయిలు దొరికిన రోజున వత్తుల స్టవ్ మీదా, దొరకని రోజున ఊకపొయ్యి మీదా వండేది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను, మహిళా సంఘాల కోఆర్డినేటరు ఉద్యోగం ఇంటర్వ్యూలో "మీ ఇంట్లో గ్యాసు వాడతారా అమ్మా?" అని అడిగితే, కళ్ళార్పకుండా "చిన్నప్పట్నుంచీ సార్" అన్నాను. (అప్పటికి నేను గ్యాసు స్టవ్ చూసింది మా లెక్కల టీచరు గారింట్లో, అదీ గుమ్మంలోంచి.)

ఉద్యోగం మన్యంలోని ముంచింగిపుట్టులో. ఏడాది కాంట్రాక్టు, పని నచ్చితే పొడిగిస్తారు, నచ్చకపోతే సంచి సర్దుకోవడమే. కొండల్లో ఆడవాళ్ళు కట్టెల పొగకి కళ్ళు పాడుచేసుకుంటున్నారని ప్రభుత్వం సంఘాల వాళ్ళకి సబ్సిడీ మీద గ్యాసు ఇచ్చింది. మొదటి బండ, స్టవ్ సర్కారు ఖాతా. అది అయిపోతే నింపించుకోవడం ఎవరి ఖాతా వాళ్ళదే. వెలిగించడం నేర్పడం నా పని. అలా, మైదానంలో మా అమ్మకి పదేళ్ళయినా రాని గ్యాసు, జీపు దిగి గంటసేపు కొండెక్కితే తప్ప కనిపించని పన్నెండిళ్ళ ఊరికి ఏకంగా ఎనిమిది బండలుగా వచ్చేసింది. మగవాళ్ళు కావిళ్ళు కట్టుకుని మోసుకెళ్ళారట. నేను మొదటిసారి వెళ్ళేసరికి ఎనిమిదింటికీ పసుపు రాసి బొట్లు పెట్టి ఉన్నాయి. ఒకదానికి మేకపిల్లని కట్టేశారు, ఇంకోదాని మీద ఒక ముసలమ్మ కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆ పక్కనే మూడు రాళ్ళ పొయ్యి మీద అంబలి హాయిగా ఉడుకుతోంది.

సంఘం నాయకురాలిని ఊరంతా లీడరమ్మ అనేవారు. ఆవిడ అందరినీ కూర్చోబెట్టింది. నేను గొంతు సవరించుకుని, ట్రైనింగులో వెనక వరసలో కూర్చుని విన్నదంతా అప్పజెప్పాను. ఇదిగో రెగ్యులేటరు, ఇదిగో నాబు, ముందు పుల్ల గీయాలి, తర్వాత నాబు తిప్పాలి. గీయని అగ్గిపుల్లని స్టవ్ కి బారెడు దూరంలో పట్టుకుని మరీ చూపించాను.

"మరి ముట్టించి సూపించవా మేడమ్?" అంది లీడరమ్మ.

"మొదట థియరీ. ప్రాక్టికల్ తర్వాత" అన్నాను.

అప్పుడు గోడకానుకుని చుట్ట కాలుస్తున్న దిసారి తాత నోరు విప్పాడు. దిసారి అంటే పండగలకీ పనులకీ మంచిరోజు చూసి చెప్పే పెద్ద. "మాడికాయికి కొత్త సేత్తాం, సిక్కుడుకాయికి కొత్త సేత్తాం. కొత్త పండగ సెయ్యకండా కొత్త పంట నోట్లో ఎట్టం. ఇప్పుడు కొత్త నిప్పొచ్చినాది. దానికి కొత్త సెయ్యకండా కూడెలాగ వొండుతాం?"

"ఎప్పుడు చేస్తారు తాతా?"

"రోజు సూడాల. మాడికాయి కొత్తతో కలిపి సేత్తే బాగుంటాది."

మామిడి కొత్తంటే ఇంకా చాలా నెలలుంది. పైకి విచారంగా మొహం పెట్టాను గానీ లోపల ఆ తాత కాళ్ళకి దండం పెట్టుకున్నాను. ఆ నెల రిపోర్టులో 'కొత్త జరగవలసి ఉన్నది' అని రాశాను. తర్వాతి నెలా అదే రాశాను. అంత నిజాయితీ గల రిపోర్టులు నా సర్వీసులో మళ్ళీ రాయలేదు.

నెలకి రెండుసార్లు వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ జీపువాడు "డీజిల్ పెరిగింది మేడమ్" అని ఒక రూపాయి ఎక్కువ తీసుకునేవాడు. (డీజిల్ తగ్గిన నెల కూడా అలవాటుకొద్దీ తీసుకున్నాడు.) ఇంటి నుంచి అమ్మ ఉత్తరాల్లో క్షేమసమాచారం ఒక లైను, కందిపప్పు, నూనె, ఉల్లిపాయల ధరలు మిగతా పేజీ. కొండ మీద లీడరమ్మ అడిగే మొదటి ప్రశ్నా ఆ జాతిదే. "ఏటి మేడమ్, ఈ నెల గేసు ఎంతయినాది?" నేను రేడియోలో వార్తలు చదివినట్టు కొత్త ధర చెప్పేదాన్ని. ఆవిడ లెక్క రూపాయల్లో ఉండేది కాదు, సంతలో షావుకారు కొనే కొండచీపుర్లలో ఉండేది. వేళ్ళు ముడిచి, తెరిచి, "అయితే పోయిన నెలకన్నా రెండు మోపులెక్కువ. బండకి జీపు టిక్కట్టు ఇంకో మోపు" అనేది. ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వేవారు. ఒకసారి నన్ను సూటిగా చూసి, "గేసు రేటు పెంచడానికి ఆఫీసున్నాది గదా మేడమ్, మా సీపురు రేటు పెంచే ఆఫీసు ఎక్కడున్నాది?" అంది. కనుక్కుని చెప్తానన్నాను. ఇంతవరకూ కనుక్కోలేదు.

ఇలా చల్లగా సాగిపోతున్న నా బతుకులోకి అర్జెంటు సారు ఒక కాగితం విసిరారు. ఆయన మా పైఅధికారి. ప్రతి కాగితం మీదా ఎర్ర సిరాతో అర్జెంటు అని రాయడం వల్ల ఆ పేరొచ్చింది. (నేను జ్వరమొచ్చి పెట్టిన సెలవు చీటీ మీద కూడా రాశారు.) వచ్చే వారం పెద్దసారు తనిఖీకి వస్తున్నారు, ఎనిమిది స్టవ్వులూ మండుతూ కనబడాలి. "మండకపోతే నీ కాంట్రాక్టు పొడిగించమని నేను రాయలేను. చూసుకో" అన్నారు. ఇంట్లో నాన్నకి పని లేదు, తమ్ముడి ఫీజు, అమ్మ రాసే ఆ పేజీడు ధరలు, అన్నీ నా జీతం మీదే నడుస్తున్నాయి.

మర్నాడే కొండెక్కాను. ముందు పొగ, ఊపిరితిత్తులు, ఆరోగ్యం అంటూ మొదలుపెట్టాను. తాత చుట్ట ఆర్పకుండా విన్నాడు. అడవులు, పర్యావరణం అన్నాను. చెట్టు మీద పిట్టని చూశాడు. ఇక లాభం లేదని, "నా ఉద్యోగం పోతుంది తాతా" అనేశాను. మా ఇంటి సంగతంతా చెప్పేశాను, గ్యాసు జాబితాతో సహా.

లీడరమ్మ నెమ్మదిగా అంది. "మేడమ్, మా సంగతీ యిను. బండ ఒక్కపాలి వొచ్చినాది. మళ్ళీ నింపే సత్తా మాకు నేదు. వానల్లో కట్టెలు తడిసిపోతాయి. అప్పుడు ఇంట్లో బాలింత ఉంటే నీల్లు కాయడానికని దాసుకున్నాం."

ఆ మాట నా చెవిన పడింది గానీ, బుర్రలోకి వెళ్ళే దారిలో నా ఉద్యోగం అడ్డంగా కూర్చుని ఉంది. "ఒక్కరోజే లీడరమ్మా" అన్నాను. ఆవిడ తాత వైపు చూసింది. తాత ఆకాశం వైపు చూసి, వేళ్ళు లెక్కపెట్టి, "వొచ్చే లచ్చివారం రోజు బాగున్నాది" అన్నాడు. మామిడి పిందె కూడా పడని రోజులవి.

లక్ష్మివారం నాడు పెద్దసారు మూడు జీపుల పటాలంతో, చివరి గంట కాలినడకన, చెమటలు కక్కుతూ వచ్చారు. సన్నగా జల్లు పడుతోంది. తాత కోడిని కోసి, స్టవ్ ముందు బియ్యం పోసి, ఏదో మంత్రం చెప్పాడు. పెద్దసారు ముచ్చటపడి, "మొదటి స్టవ్ మీరే వెలిగించి చూపించండమ్మా" అన్నారు. పుల్ల గీయాలి, తర్వాత నాబు తిప్పాలి అని ఊరందరికీ నేర్పిన నేను, ముందు నాబు తిప్పేశాను. జల్లుకి చెమ్మగిల్లిన అగ్గిపుల్లలు ఒకటి గీస్తే వెలగలేదు, రెండు వెలగలేదు, మూడు వెలగలేదు. స్టవ్ మాత్రం సుయ్యిమంటూనే ఉంది. నాలుగోది వెలిగింది. భగ్గుమని లేచిన మంట నా మొహం దాకా వచ్చి పలకరించి, వెనక్కెళ్ళి బుద్ధిగా బర్నరు మీద కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు, నా ముందు జుట్టూ ఒక కనుబొమ్మా తప్ప. కాలిన వెంట్రుకల వాసన గుప్పుమంది. పెద్దసారు మొహం చిట్లించి, "ఇదేమిటి?" అన్నారు. అర్జెంటు సారు నన్ను చూసిన చూపులో నా సంచి సర్దేసి ఉంది.

దిసారి తాత తొణక్కుండా, "కొత్త నిప్పుకి ముందు ఎంట్రుకలు ఇవ్వాల బాబూ. అది మా కొత్త" అన్నాడు.

పెద్దసారు తల పంకించి పక్కనున్న గుమాస్తాతో రాయించుకున్నారు. (ఆ కాగితాల్లో అది ఇప్పటికీ ఆ ఊరి ఆచారంగానే ఉండి ఉంటుంది.) మిగతా ఏడు స్టవ్వులూ లీడరమ్మ టకటకా వెలిగించేసింది. నా థియరీ క్లాసు ఆవిడకి నా కన్నా బాగా అర్థమైంది. అందరికీ టీలు, తర్వాత కోడికూర, అన్నం, మళ్ళీ టీలు. ఫోటోలు తీశారు. ఒంటి కనుబొమ్మతో నేనూ ఉన్నాను.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి, నాక్కాదు. ఆ ఊరు ఆదర్శ గ్రామమైపోయింది. వారానికి రెండు మూడు బృందాలు రావడం, వాటిని నేను పైకి తీసుకెళ్ళడం, వాళ్ళున్నంతసేపూ ఎనిమిది స్టవ్వులూ మండించి చూపించడం. పక్క జిల్లా ఆఫీసర్లు, బ్యాంకు వాళ్ళు, ఎవరో పరిశోధన చేసేవాళ్ళు. గంటసేపు కొండెక్కి వచ్చిన వాళ్ళకి, గ్యాసు మీద కాచిన టీ చేతికందితే, పేదరికం సగం తీరిపోయినట్టు కనిపించేది. నేను ముందు నిలబడి, "మా సంఘం మహిళలు పూర్తిగా గ్యాసుకి మారిపోయారు సార్" అని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశాను.

జూలైలో కాంట్రాక్టు పొడిగించినట్టు కాగితం వచ్చింది. లడ్డూలు పట్టుకుని, గొడుగు వేసుకుని, ముసురులో కొండెక్కాను. లీడరమ్మ కోడలు ప్రసవించి మూడు రోజులైంది. గుడిసె నిండా పొగ. తడికట్టెలు మండక, లీడరమ్మ గొట్టంతో ఊదుతూ నీళ్ళు కాస్తోంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను నా ఉద్యోగధర్మం మర్చిపోకుండా, "ఇలాంటప్పుడు గ్యాసు వాడుకోవాలి కదా లీడరమ్మా, ఎన్నిసార్లు చెప్పాను" అని మందలించాను.

"గేసెక్కడున్నాది మేడమ్" అంది నవ్వుతూ. "ఎనిమిదో బండ కూడా పోయిన వారమే అయిపోనాది."

"ఎనిమిదీనా? ఎలా?"

"టీలకి."

ఆ ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా తమ కోసం ఒక్క పూట అన్నం దాని మీద ఉడకలేదని అప్పుడు తెలిసింది. నేను తెచ్చిన వాళ్ళ కోసమే వెలిగింది, వాళ్ళు దిగిపోగానే ఆరిపోయింది.

"ముందే చెప్పొచ్చు కదా. ఒక్కరోజే అన్నాను కదా" అన్నాను.

మూలన కూర్చున్న దిసారి తాత అన్నాడు. "సెప్తే నువ్వు ఆల్లని తేవు. ఆల్లు రాకపోతే నీ ఉజ్జోగం ఉండదు. గేసు పోతే మాకు కట్టెలున్నాయి గుంటా. ఉజ్జోగం పోతే నీకేటున్నాది?"

లడ్డూల పొట్లం అలాగే ఒళ్ళో ఉండిపోయింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఆ నెల జీతంలో ఒక బండ నింపించి, దానికీ టిక్కెట్టు తీసుకుని జీపెక్కించి, బాలింత ఇంటికి చేర్చాను. ఎనిమిదీ నింపించే సత్తా నాకూ లేదు. సర్కారు వాళ్ళకిచ్చిన సబ్సిడీని వాళ్ళు నాకిచ్చేశారని ఏ రిపోర్టులో రాయాలో కూడా తెలియలేదు.

ఇప్పుడు నేను అదే శాఖలో పర్మనెంటు. సాయంత్రం టీవీలో నలుగురు కూర్చుని, సబ్సిడీలన్నీ ఎవరు తినేస్తున్నారో తేలాలి అని బల్ల గుద్ది వాదించుకుంటూ ఉంటారు. మా ఆయన కూడా ఆవేశపడిపోయి, "ఇంతకీ ఎవరు తింటున్నారంటావ్? నువ్వు ఆ శాఖలోనే కదా ఉన్నావు" అని నన్నడుగుతారు. నాకు మా ఇల్లూ, తమ్ముడి ఇంజనీరింగూ, నా సర్వీసూ గుర్తొచ్చి, చిన్నగా నవ్వి టీవీ సౌండు తగ్గిస్తాను.