మేడం బ్యాగులో వేప్

ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ ముందు, నా విద్యార్థుల సాక్షిగా నా పరువు ఎలా పోయిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

అప్పుడు నేను శంషాబాద్‌లో ఒక హైస్కూల్లో కొత్త టీచర్ని, వేపుల మీద యుద్ధం ప్రకటించిన వీరనారిని. వేప్ అంటే బ్యాటరీ సిగరెట్టు. చూస్తే పెన్‌డ్రైవ్, వాసన చూస్తే మామిడిపండు. తొమ్మిదో తరగతి స్రవంతి బ్యాగులో ఒకటి దొరికింది. తనది కాదని, ఎవరో పెట్టారని ఒకటే ఏడుపు. గగన్‌పహాడ్‌లో పనిచేసే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను.

"మా బిడ్డ గసొంటిది కాదు మేడం. మీరే పొరపాటు పడ్డరు" అన్నాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. శనివారం ఆయన్ని పిలిచి కళ్లారా చూపిద్దామని సాక్ష్యాన్ని హ్యాండ్‌బ్యాగులో భద్రపరిచాను. భద్రపరిచి, హాయిగా మరిచిపోయాను.

శుక్రవారం పిల్లలకు ఎయిర్‌పోర్టు చూపించడానికి తీసుకెళ్లాం. బస్సెక్కేముందు ప్రతి బ్యాగూ నేనే వెతికాను. జామెట్రీ బాక్సుల్లో కంపాస్‌లను కూడా వదల్లేదు. దారి పొడవునా ఉపన్యాసం దంచాను.

పిల్లల బ్యాగులన్నీ స్కానర్లోంచి పుణ్యాత్ముల్లా బయటికొచ్చాయి. నాది ఆగిపోయింది. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నేను నా హ్యాండ్‌బ్యాగునే ఎరగను.

"ఇది ఎవరిది మేడం?" అని సెక్యూరిటీ ఆయన అందులోంచి వేప్ తీసి పైకెత్తి చూపించాడు.

"నాది కాదండీ, అది..." అన్నాను. అచ్చం స్రవంతి మాటే నా నోట్లోంచి వచ్చింది. నిషేధించిన వస్తువు దగ్గర ఉంచుకోవడం గురించి ఆయన నాకు పాఠం మొదలుపెట్టాడు. మాతో వచ్చిన హెడ్మాస్టరు గారు నన్నెప్పుడూ చూడనట్టు పక్కకు జరిగారు. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు వరసలోంచి స్రవంతి ముందుకొచ్చింది.

"గది నాది సార్. మేడం నా దగ్గర గుంజుకున్నరు. మేడంను ఏమనకుండ్రి. మా బాపుకు నేనే చెప్త."

నాకు ఏడుపొచ్చింది, గర్వంతో. సెక్యూరిటీ ఆయన వేప్ తీసేసుకుని, హెడ్మాస్టరు గారితో మాట్లాడి మమ్మల్ని లోపలికి పంపాడు. స్రవంతి చెప్పినట్టే ఆ సాయంత్రం ఇంట్లో నిజం చెప్పింది.

అసలు విజయం సోమవారం వచ్చింది. నా ఉపన్యాసాలకూ పోస్టర్లకూ కదలని పిల్లలు స్టాఫ్‌రూము ముందు వరసకట్టి, తమ వేపులు బల్లమీద పెట్టారు. ఎందుకని అడిగితే ఒకడు నా మీద జాలిపడ్డాడు.

"మా కోసం మీరు మళ్ల దొరుకుడు ఎందుకు మేడం."

కాబట్టి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సాక్ష్యాన్నీ నా బ్యాగులో పెట్టను. తిన్నగా హెడ్మాస్టరు గారి బ్యాగులోనే పెడతాను. ఆయన విమానాల్లో తిరుగుతారంటే, అందులో నా తప్పేమీ లేదు.