పడవకి మూడు, వలకి మూడు

నేను జాలరిపేటకి నర్సుగా వెళ్ళింది డెబ్భైల చివర్లో. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మద్దిలపాలెంలో బస్సెక్కి, తెల్లచీర నలుగుతుందని సీటున్నా కూర్చోకుండా నిలబడే వెళ్ళేదాన్ని. కడుపుతో ఉన్నవాళ్ళకి రక్తం పట్టడానికి సర్కారు ఊరికే ఇచ్చే ఎర్ర మాత్రలు ఇంటింటికీ అందించి, వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించడం నా పని. ట్రైనింగులో మంచి మార్కులొచ్చాయి కాబట్టి పేట మొత్తాన్ని ఆరు నెలల్లో బాగుచేసేస్తానని గట్టి నమ్మకం. కోపం కూడా అంత గట్టిదే.

తీరా పది గంటలకి వెళ్ళేసరికి ఏ ఇంట్లోనూ ఒక్క ఆడమనిషి ఉండేది కాదు. అందరూ గంపలెత్తుకుని చేపలమ్మడానికి ఊళ్ళోకి పోయేవారు. గుమ్మాల్లో ముసలి తాతలు, కోళ్ళు మిగిలేవి. ఓ వారం రోజులు కోళ్ళకి ఆరోగ్య సూత్రాలు చెప్పాక బుద్ధొచ్చి, తెల్లారేసరికి సముద్రపొడ్డుకే వెళ్ళడం మొదలుపెట్టాను. పడవలొచ్చే వేళకి ఆడవాళ్ళంతా అక్కడే ఉంటారు.

అక్కడే కనిపించింది ఆ అమ్మాయి. ఐదో నెల. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు, రక్తం పోయి తనూ చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఇదే ఒంటితో మళ్ళీ పురిటికి వెళ్తే బతకదని నాకు భయం పట్టుకుంది. ముప్ఫై మాత్రలు పొట్లం కట్టి, రోజుకొకటి చొప్పున వేయించమని ఆమె అత్త చేతిలో పెట్టాను. అత్తకి యాభై దాటాయి. ఆవిడ గొంతు విప్పితే పేటంతా వినపడేది.

"నానున్నాను కదా నర్సమ్మా, ఒక్కటీ పోనీను" అంది. నిజంగానే ఒక్కటీ పోనివ్వలేదు.

రెండు నెలలు పొట్లాలిచ్చాను. ఏడో నెల వచ్చింది. ఆ పిల్ల కన్ను మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. నాకు అన్నం సహించడం మానేసింది. అలాంటప్పుడు ఒకరోజు నలుగురు మగాళ్ళు మా హెల్త్ సెంటరు గుమ్మంలో నిలబడి ఒకరినొకరు ముందుకి తోసుకుంటున్నారు. ఆ అమ్మాయి మావగారు, మొగుడు, వాళ్ళతో పాటు వేటకెళ్ళే మరో ఇద్దరు.

"నువ్వు సెప్పు బావా."

"నానేటి సెప్తాను, నువ్వే సెప్పు."

చివరికి మావగారు గోడవైపు తిరిగి చెప్పాడు. "దొడ్డికెల్తే నల్లగా వత్తంది తల్లీ. నలుగురికీ అంతే. మా పడవకెవులో సేతబడి సేసీసారు."

ఎర్ర మాత్రలు మింగితే అలాగే నల్లగా అవుతుంది. కానీ వాటిని వీళ్ళెందుకు మింగారు? అడిగితే నలుగురూ ఒక్కసారే, "ఇంటికాడ పంచింది కదా!" అన్నారు. గొడుగు కూడా మరిచిపోయి, పొట్లాలు పుచ్చుకున్న అత్త దగ్గరికి పరిగెత్తాను.

"ఓలమ్మ, పంచకపోతే ఎలాగమ్మా?" అంది ఆవిడ ఆశ్చర్యపోతూ. "సేపలైతే వాటాలెయ్యమేటి?"

వేటలో పడిన చేపల్ని పంచేటప్పుడు మనుషులకి తలో వాటా, పడవకో వాటా, వలకో వాటా వెయ్యడం వాళ్ళ పద్ధతి. ఇంటికి ఊరికే వచ్చిన దేన్నైనా ఆవిడ అలాగే పంచేది. ఇంట్లో నలుగురు, పడవ మీద పనిచేసే ఇద్దరు, పడవ, వల. మొత్తం ఎనిమిది వాటాలు. ముప్ఫై మాత్రల్లో వాటాకి మూడు వేసి, మిగిలిన ఆరూ మనుషులకి తలొకటి ఇచ్చింది. అంటే కడుపుతో ఉన్న పిల్లకి నెలకి నాలుగు. పడవకి మూడు, వలకి మూడు. ఇంత న్యాయంగా మా ఆఫీసులో ఏదీ పంచగా నేను చూడలేదు.

"పడవెలా మింగిందమ్మా మాత్రలు?" అన్నాను పళ్ళు నూరుతూ.

"పడవకి నోరేటి? పడవదీ వలదీ నానే మింగీసాను" అంది, ఏ దాపరికమూ లేకుండా.

మగాళ్ళ సంగతి తేలిగ్గానే తేలింది. ఇవి కడుపుతో ఉన్న ఆడవాళ్ళ మాత్రలని చెప్పగానే, నలుగురిలో చిన్నవాడు పొట్ట తడుముకుని, "అయితే ఇప్పుడు మాకేటవుద్ది తల్లీ?" అన్నాడు. నేను నవ్వలేదు. "తొమ్మిది నెలలు ఆగి చూద్దాం" అన్నాను. అక్కడికక్కడే నలుగురూ తమ వాటాలు వదిలేసుకున్నారు.

అత్త అలా బెదిరే మనిషి కాదు, ఐదుగుర్ని కన్నది. అందుకని మర్నాడు ఒడ్డున అందరి ముందూ ఆవిణ్ణి కడిగేశాను. "నెలకి పది మాత్రలా! కోడలి నెత్తురు తాగుతున్నావు, సిగ్గు లేదూ?" అన్నాను. ఆవిడ గంపెత్తుకుని వెళ్ళిపోయింది. నేను గెలిచానని తెగ సంబరపడ్డాను.

అప్పట్నుంచి డాక్టరుగారు చెప్పిన ప్రకారం రోజూ పొద్దున్నే ఆ అమ్మాయి నోట్లో నేనే మాత్ర వేసి, మింగి నాలుక చాపి చూపించేదాకా కదిలేదాన్ని కాదు. పక్కనున్న ఆడవాళ్ళు కూడా నన్ను ఉడికించడానికి వరసగా నాలుకలు చాపేవారు. తొమ్మిదో నెలకి రెప్ప లోపల లేత ఎరుపు కనబడింది. నేను ఇంటికెళ్ళి మోకాళ్ళూని ప్రార్థన చేసుకున్నాను.

నొప్పులు రాగానే రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. రక్తం ఎక్కువ పోలేదు. ఆ మాట చెబుదామని నేను మెట్లు పరుగున దిగుతుంటే, అత్త సగం మెట్ల మీదే కూర్చుండిపోయి ఉంది.

"తల్లీ పిల్లా బాగున్నారు, లే, పైకి రా!"

"వత్తాను, కూసింత ఆగమ్మా" అంది. ఎగశ్వాసలో ఆ మాట సరిగ్గా రాలేదు. చేత్తో గోడ పట్టుకుంది. వంగి ఆవిడ కనురెప్ప లాగాను. కోడలి కన్ను నేను మొదటిరోజు చూసినప్పుడు కూడా అంత తెల్లగా లేదు.

"ఎన్నాళ్ళబట్టి ఇలా ఉంది?"

"ఎప్పుడూ ఇంతే కదమ్మా. ఆ మాత్రలు మింగిన రెండు నెలలే, గంపెత్తుకుని మెరకెక్కితే ఆయాసం రానేదు. నువ్వొద్దన్నావు, మానీసాను."

నన్ను దెప్పాలని కూడా అనలేదు ఆ మాట. నాకు ఏడుపొచ్చేసింది. ఐదు కాన్పుల్లో ఆవిడకి ఒక్క మాత్ర ఇచ్చినవాళ్ళు లేరు. దొరికిన కాసినీ నేను లాక్కున్నాను. అదీ అందరి ముందూ తిట్టి. ఆ మెట్ల మీద నన్ను క్షమించమని అడిగాను.

"అదంతా తరవాత. ముందు నన్ను లేపు, మనవరాల్ని సూడాల" అంది.

మర్నాడు ఆవిణ్ణి డాక్టరుగారికి చూపిస్తే, ఈవిడా మాత్రలు వాడాల్సిందే అన్నారు. కానీ సర్కారు మాత్రలు కడుపుతో ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. యాభై దాటి గంపలు మోసేవాళ్ళకి నా రిజిస్టరులో గడి లేదు. పెన్ను తీసి ఆవిడ పేరు రాశాను. వయసు దగ్గర ముప్ఫై ఎనిమిది వేశాను, నెల దగ్గర మూడు. తనిఖీకి వచ్చిన మా పై అధికారిణి ఆ పేజీ దగ్గర ఆగి, "ఈవిడకింకా కాన్పు కాలేదా?" అని అడిగేది. "లేదండీ" అనేదాన్ని. మల్కాపురం బదిలీ అయ్యేదాకా, పదహారు నెలల పాటు, నా రిజిస్టరులో ఆవిడ నిండు చూలాలే.