ప్రాజెక్టు కట్ట మీద జమున ఫొటోలు

మా చిన్నప్పుడు, మా నాన్న, అదే మా బాపు, దుబాయి నుంచి రీలు కెమెరా తెచ్చిన ఆ సెలవుల్లో... మాకు తెల్లారింది ఇంట్లో కాదు, ప్రాజెక్టు కట్ట మీదే.

మాది రాయికల్ దగ్గర పల్లె. ఊరు దాటి కొంచెం నడిస్తే ప్రాజెక్టు. చీకటి ఉండగానే బాపు లేపేవాడు. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, మాకు జడలు వేసి, పౌడరు పూసి పంపేది. మెడలో కెమెరాతో బాపు ముందర... వెనకాల నేను, నా చెల్లె జమున.

మోకు భుజాన వేసుకుని కల్లు గీయడానికి తాటివనానికి పోతున్న గౌడు మామ ఒకరోజు ఎదురై, "పొద్దును ఫొటో తీసుడేందిర? పైత్యం లేసిందా?" అని నవ్వాడు.

"ఆడ పొద్దు పొడువకముందే పనిల వడ్తం మామా... గూకినంకనే రూముకస్తం. మన పొద్దును జరంత తీస్కపోయి గోడకు పెట్టుకుంట" అన్నాడు బాపు.

జమున ఇంకా బడిలో పడలేదు. ఫొటో అంటే పడి చచ్చేది. అద్దం ముందు నిలబడి నవ్వు నేర్చుకునేది... పళ్ళు కనబడేటట్టు ఒకటి, మూతి ముడిచి ఒకటి. "అక్కా, ఏ నవ్వు మంచిగున్నదే?" అని నన్ను అన్నం కూడా తిననిచ్చేది కాదు.

బాపు మమ్మల్ని నీళ్ళకు వీపు పెట్టి నిలబెట్టేవాడు. సూర్యుడు సరిగ్గా మా వెనకాల ఉండాలి. "పొద్దు రావాలె, మీరూ రావాలె... నవ్వుండ్రి బిడ్డా!" పొద్దున్నే ఒక వైపు కట్ట మీద, సాయంత్రం ఇంకో వైపు. రీలు దుబారా కావద్దని ఒక్కో ఫొటోకు ఎంతసేపు చేసేవాడో... జమున ఆ నవ్వు దించకుండా అలాగే నిలబడేది. కదిలితే ఒట్టు!

సెలవు అయిపోయాక, రీళ్ళు దుబాయిలో కడిగిస్తే కలర్ మంచిగా వస్తుందని వెంట తీసుకుపోయాడు.

తర్వాత పక్కింటి ఫోనుకు బాపు చేసినప్పుడల్లా జమునది ఒకటే అడుగుడు... "బాపూ, నా ఫొటో అచ్చిందా? నవ్వు మంచిగ అచ్చిందా?"

"అచ్చింది బిడ్డా... శాన మంచిగ అచ్చింది" అనేవాడు. ఇంక చూడాలి దాని సంబరం! "నా ఫొటో దుబాయిల ఉన్నది" అని వాడకట్టంతా తిరిగి చెప్పుకునేది.

ఆ వానాకాలం దానికి జ్వరం వచ్చింది. వానకు తడిసింది, అదే తగ్గుతుందిలే అనుకున్నాం. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయేసరికే తెలివి లేదు. నా చెల్లె మళ్ళీ నడిచి ఇంటికి రాలేదు.

బాపు పాస్‌పోర్టు అక్కడ పనిలో పెట్టుకున్న సేటు దగ్గర ఉంది. రాలేకపోయాడు. ఫోనులో ఆయన ఏడుపు మేము విన్నాం, మా ఏడుపు ఆయన విన్నాడు... అంతే.

మరుసటి ఏడు వచ్చాడు. అమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. "నా బిడ్డ ఫొటోలేవి?" అంది. సూట్‌కేసు తెరవడానికి బాపుకు చేతులు రాలేదు.

ఏం చెప్పను ఆ ఫొటోల గురించి... ఎర్రటి సూర్యుడు, నిగనిగలాడే నీళ్ళు, ఒకదాన్ని మించి ఒకటి. ముందర రెండు నల్లటి ఆకారాలు. పెద్దది నేను, చిన్నది జమున. జడలు తెలుస్తున్నాయి, ఫ్రాకు కుచ్చులు తెలుస్తున్నాయి. ముఖం లేదు. సూర్యుడికి ఎదురుగా తీస్తే మనుషులు నల్లగా వస్తారని మా ఇంట్లో ఎవరికి తెలుసు?

అమ్మ కొంగుతో ఫొటో తుడిచింది. మసి అంటిందనుకుంది. ఇంకొకటి తీసి తుడిచింది... ఇంకొకటి...

"తుడువకే... పొద్దే అచ్చింది, బిడ్డ రాలే" అని బాపు నెత్తి కొట్టుకుని ఏడ్చాడు. మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు తీద్దామనుకున్నాడట. అందుకే ఫోనులో పిల్లకు అట్లా చెప్పాడట.

నా ముఖమూ నల్లగానే వచ్చింది. కానీ నేను ఉన్నాను కదా...

ఇప్పుడు బాపు లేడు. అమ్మ నా దగ్గరే, జగిత్యాలలో ఉంటోంది. మొన్న సెలవులకు ఇంటికి వచ్చిన మా బిడ్డ ఆ ఫొటో ఒకటి ఫోనులోకి ఎక్కించి, ఏదో యాప్‌లో వేసింది. నలుపంతా పోయి ముఖం వచ్చింది! పెద్ద కళ్ళు, బుగ్గలు, నవ్వు... "అయ్యో, నా జమున!" అని ఫోనును ముద్దు పెట్టుకుని భోరున ఏడ్చాను. అలాగే అమ్మ దగ్గరికి ఉరికాను.

అమ్మ అద్దాలు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"ముద్దుగున్నది... ఎవ్వల బిడ్డ?"

"జమునే అమ్మా! మన జమున!"

మళ్ళీ చూసింది. చాలాసేపు చూసి ఫోను నా చేతిలో పెట్టింది.

"గీ పిల్ల జమున గాదు బిడ్డా... జమున గిట్లుంటదా? నువ్వు గూడ మర్సిపోయినవా?"

ఆ యాప్ కల్పించిన, ఎవరి పిల్లో తెలియని ముఖాన్ని పట్టుకుని నేను అంత ఏడ్చాను...

రాత్రి అమ్మను అడిగాను, ఎట్లుండేదో చెప్పమని. "నొసలు ఎడల్పుగుంటుండె... నవ్వితె ఎడమ కన్ను జర చిన్నగయ్యేది..." అని చెబుతూనే ఉంది. అన్నీ విన్నాను. కళ్ళు మూసుకుని ఎంత తలుచుకున్నా ఆ ముఖం నాకు రావడం లేదు. ఇప్పుడది ఒక్క అమ్మ దగ్గరే ఉంది. అమ్మకు రోజురోజుకూ మతిమరుపు ఎక్కువవుతోంది.

ఇప్పుడు ఆ కట్ట మీద సాయంత్రమైతే ఫోన్లతో పిల్లలే పిల్లలు. కావాలనే పొద్దుకు అడ్డంగా నల్లగా నిలబడతారు. బాగాలేకపోతే అక్కడే చూసుకుని మళ్ళీ తీసుకుంటారు. "ఒక్కటి ముఖం కనవడేటట్టు తీసుకోండ్రి బిడ్డా" అంటే, "గిట్లనే మంచిగుంటది ఆంటీ" అని నవ్వుతారు.

మీ ఇంట్లో కూడా ఫొటో లేకుండా పోయినవాళ్ళు ఉంటే, కింద రాయండి... నొసలు ఎట్లుండేది, నవ్వితే ఏమయ్యేది... చూసినవాళ్ళు బతికి ఉండగానే అడిగి రాయండి.