బటన్ వదిలేశాక

మా అక్కకు పాలు పొంగేదాకా స్టవ్ దగ్గర నిలబడే ఓపిక లేదు గానీ, సెకనులో నూరో వంతు ఎక్కడ జారిపోయిందో వెతకమంటే పూటంతా కూర్చుంటుంది. యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్ రాయడం ఆమె పని. పన్నెండేళ్ల కిందట సీసాలు నింపే ఫ్యాక్టరీ కోసం ఒకటి రాసింది. సెకనుకు వందసార్లు సెన్సార్లను చూసి, మోటార్లకు ఆదేశాలు ఇస్తుందది. ఎంత బాగా కుదిరిందంటే, మళ్లీ మొదట్నుంచీ రాయడం దేనికని అందరూ దాన్నే పునాదిగా తీసుకుని, పైన తమకు కావలసింది కట్టుకున్నారు. పంపులు, లిఫ్టులు, చివరికి నేను నడిపే క్రేను కూడా. అది అక్క పెద్దకూతురని ఇంట్లో ఏడిపించేవాళ్లం.

క్రేను పరీక్ష రోజు నాలుగు టన్నుల యంత్రం గాలిలో వేలాడుతోంది. దాన్ని దించాల్సిన దిమ్మె మీద మోకాళ్లూని బోల్టులు సరిచేస్తున్నాడు, ఫిట్టరైన మా బావ. నొక్కితే దిగి, వదిలేస్తే ఆగాల్సిన బటన్ నా చేతిలో ఉంది. పక్కనే అక్క లాప్‌టాప్ చూస్తోంది.

“ఇంకొంచెం దించరా బామ్మర్దీ,” అన్నాడు బావ.

“ముట్టుకోకురా!” అక్క అరిచింది. “ఏవండీ, ముందు మీరు బయటికి రండి!”

“రెండు బోల్టులే కదే...”

“రమ్మంటున్నానా!”

ఆ గొంతు విని బావ వెంటనే బయటికొచ్చాడు. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక ఆదేశం ఆలస్యమైనట్టు తెర మీద కనిపించిందట. ఆలస్యమైనంతసేపూ పాత ఆదేశమే సాగాలని రాసింది తనే. సీసాల బెల్టు ఉన్నట్టుండి ఆగితే సీసాలన్నీ పడిపోతాయి కాబట్టి అక్కడ అదే సరి. క్రేను దగ్గర అదే ప్రాణం తీస్తుంది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

“పన్నెండేళ్లుగా ఏం కాలేదు కదమ్మా!” పరీక్ష చూడ్డానికొచ్చిన అక్క కంపెనీ మేనేజర్ విసుక్కున్నాడు.

కింద ఎవరూ లేకుండా చూసుకుని, కొంచెం కొంచెంగా దించి ఆపాం. ఆరుసార్లు బుద్ధిగా ఆగింది. మేనేజర్ వాచీ చూసుకున్నాడు. ఏడోసారి నేను బటన్ వదిలేశాను. యంత్రం ఆగలేదు. మెయిన్ స్విచ్ లాగేసేలోపే బావ కూర్చున్న చోటును గుద్దేసింది. బావ అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పరువు పోతుందని మేనేజర్ ఎంత బతిమాలినా అక్క చెవిన పెట్టలేదు. ఆ పునాదిని వాడుతున్న ఇరవై మూడు కంపెనీలకూ ఆ సాయంత్రమే రాసింది: “తప్పు నాది. యంత్రాలు ఆపండి.”

మొదటి జవాబు సామాన్ల లిఫ్టులు నడిపే కంపెనీ నుంచి వచ్చింది. “పోయినేడాది మా దగ్గర లిఫ్టు కింద ఒకరి చెయ్యి నలిగింది. బటన్ వదిలేశానని ఆపరేటర్ మొత్తుకున్నాడు. అబద్ధమని పనిలోంచి తీసేశాం.”

అక్క దాన్ని రెండుసార్లు చదివి భోరున ఏడ్చింది. కళ్లు తుడుచుకుని వాళ్లకు ఒకే ఒక్క ప్రశ్న రాసింది: “ఆ ఆపరేటర్ ఇప్పుడెక్కడున్నాడు?”