క్రిస్టినా పేరు మీద వచ్చిన శవం

క్రిస్టినా చనిపోయిందన్న కబురు క్రిస్టినాకే అందింది. అప్పుడామె నరసాపురం రొయ్యల షెడ్డులో ఐసు ముందు కూర్చుని తలలు తీస్తోంది. పక్కింటి రత్నమాణిక్యం రొప్పుతూ వచ్చింది.

"ఒసే, నీ శవం వచ్చిందే మీ ఇంటికి! కువైట్ నుంచంట!"

అది తొంభై ఎనిమిది ఎండాకాలం. ఆమె ఇల్లు చేరేసరికి మద్రాసు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన వ్యాను గుమ్మం ముందు ఆగి ఉంది. రేవులో జనాన్ని దాటించే పంటు మీద పనిచేసే ఆమె భర్త శాంతికుమార్ శవపెట్టె పక్కన కొయ్యబారిపోయి నిలబడ్డాడు. పెట్టె మీద ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, ఆమె పుట్టినరోజు.

గునపంతో మూత లేపారు. లోపల క్రిస్టినా ఈడు పిల్ల. దవడ పక్కకి ఒరిగిపోయింది. చేతుల మీద ఇస్త్రీపెట్టె అంచు దిగిన కాలిన మచ్చలు. జుట్టు కుదుళ్లతో పీకేసిన చోట నెత్తురు నల్లగా గడ్డకట్టింది. క్రిస్టినా గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

రెండేళ్ల క్రితం కువైట్ వెళ్దామని ఆమె ఏజెంటు చంద్రరావుకి పాస్‌పోర్టు ఇచ్చింది. "ఆఫీసులో ఎక్కడో పోయిందమ్మా" అన్నాడతను. ఫొటో మార్చి ఇంకో మనిషిని పంపాడని ఇప్పుడు అర్థమైంది.

స్టేషన్‌కి వెళ్తే ఎస్సై మొదట ఆమెనే కొట్టాడు.

"ఎంతకి అమ్ముకున్నావే పాస్‌పోర్టు?"

"అమ్మలేదండి, ఆయనే..."

రెండో దెబ్బ ఎడమ చెవి మీద పడింది. అడ్డం వచ్చిన శాంతికుమార్ మోకాళ్ల మీద లాఠీ విరిగింది. కాగితాల ప్రకారం క్రిస్టినా చచ్చింది, నువ్వెవరో తేల్చుకుని రా అని సాయంత్రానికి గెంటేశారు.

మర్నాడు ఆమె ఒక్కతే చంద్రరావు ఇంటికి వెళ్లింది. అతను పెరట్లో అన్నం తింటున్నాడు.

"ఆ అమ్మాయెవరండి?"

"ఎవరైతే నీకేంటి? నీ పేరేగా ఉంది, పూడ్చేసుకోండి."

రోట్లో పచ్చడిబండ ఉంది. అది తీసుకుని కంచంలో ఉన్న అతని చేతి మీద కొట్టింది. వేళ్లు చిట్లిన చప్పుడు ఆమెకే వినిపించింది. రెండో దెబ్బకి అన్నంలో పళ్లు రాలాయి.

"సూర్యకళ! తుని దగ్గర... వాళ్లమ్మ వీరమ్మ..." అన్నాడు నెత్తురు మింగుతూ. "ఫోన్ చేసి ఏడ్చింది, కొడుతున్నారని. ఎంబసీకి పోతే నీ అసలు పేరు బయటపడి జైల్లో వేస్తారు, నోర్మూసుకో అన్నాను."

మూడోసారి ఎత్తిన చేతిని అతని భార్య పట్టుకుంది.

వీరమ్మని తీసుకురావడానికి శాంతికుమార్ కుంటుకుంటూనే తుని రైలెక్కాడు. వాళ్లు వచ్చేదాకా షెడ్డు నుంచి ఐసు తెచ్చి శవం చుట్టూ పేర్చారు. వీరమ్మ దిగీ దిగగానే పెట్టె వైపు కూడా వెళ్లలేదు. క్రిస్టినా జుట్టు పట్టి నేలకేసి కొట్టింది.

"నీ పేరే మింగిందే నా కూతుర్ని! చచ్చేటప్పుడు కూడా దాన్ని దాని పేరుతో పిలిచినోళ్లు లేరు!"

విడిపించబోయిన వాళ్లని క్రిస్టినాయే ఆపింది. ముసలిదాని చేతులు అలసిపోయేదాకా పడి ఉంది. తర్వాత ఇద్దరూ కలిసి సూర్యకళకి స్నానం చేయించారు. గోదావరి ఒడ్డున చితి పెట్టారు.

చంద్రరావు వేళ్లు విరగ్గొట్టినందుకు క్రిస్టినా జైలుకెళ్లింది. చంద్రరావు మాత్రం పాస్‌పోర్టు కేసులో బెయిలు మీద తిరిగాడు. ఆమె బయటికి వచ్చేసరికి రేషన్ కార్డులో పేరు కొట్టేశారు. బతికే ఉన్నానని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఒక గుమాస్తా నవ్వితే అతని బల్ల తిరగేసింది. మళ్లీ స్టేషన్, మళ్లీ దెబ్బలు. ఏళ్లు గడిచాక కలెక్టరు సంతకంతో పేరు తిరిగొచ్చింది గానీ ఎడమ చెవికి వినికిడి రాలేదు. ఎవరైనా వెనక నుంచి "క్రిస్టినా" అంటే ఉలిక్కిపడి పిడికిలి బిగించేది.

"ఇప్పుడైనా కొత్త పాస్‌పోర్టు తీసుకుని కువైట్ వెళ్లరాదా?" అని రత్నమాణిక్యం ఒకసారి అంది. క్రిస్టినా చేతిలోంచి దూసుకెళ్లిన చేపల కత్తి గుమ్మానికి గుచ్చుకుని చాలాసేపు ఊగింది.