పడవకు కట్టిన రిక్షా చక్రం

జర దగ్గరికి జరుగుండ్రి, చాప మీద జాగ ఉంది. ఫ్యాన్ సప్పుడుల నా గొంతు మీ దాంక రాదు.

మా ఆయన ట్రాలీ రిక్షాలు కట్టేటోడు. గడ్డిఅన్నారంల పండ్ల మార్కెట్ ఉన్నన్ని దినాలు మా దుకాణం ముంగట బత్తాయిలు, మామిడిపండ్లు మోసే బండ్లు వరుసగ నిలబడేటివి. మార్కెట్ ఊరవతలికి పోయింది, దాని ఎంబడే బండ్లు గూడ పోయినయి. ఎల్బీనగర్ల మా ఇంటికెల్లి ఆయన రోజూ పోయి షటర్ లేపుడు, పానాలు, సుత్తెలు తుడుసుడు, మాపటికి దించుడు. చూసి చూసి మా కొడుకు, "నాయినా, కర్రీ పాయింట్ పెట్టెటోళ్లు అడుగుతున్నరు, కిరాయికిద్దాం" అన్నడు.

గప్పుడే వనస్థలిపురంకెల్లి ఒక రిటైరయిన సారు ఒచ్చిండు. కోస్తా దిక్కు మనిషి. తెరచాప ఉన్న చిన్న పడవ ఉందట, చెరువుల తిప్పుకుంటడట. "గాలి ఆగిపోతే మధ్యలో ఇరుక్కుపోతున్నానండీ. భుజం నొప్పి, తెడ్డు వేయలేను. కాళ్లు మాత్రం గట్టివే. తొక్కేలా ఏదన్నా చేసిపెడతారా?" అని అడిగిండు.

మా ఆయన మొఖం ఎలిగింది. కొడుకును పిలిచి, "ఈ పడవ నడిస్తే దుకాణం నాది. నడవకుంటే తాళంచెవి నీ చేతుల పెడ్త" అన్నడు.

"పడవకు రిక్షా అతికిస్తవా నాయినా? హారన్ గూడ పెట్టు" అని కొడుకు నవ్విండు.

రిక్షా ఇరుసు పడవ ఎనక అడ్డం బిగించి, చక్రానికి రేకు పలకలు కొట్టిండు. పెడళ్లు, చైను, ఫ్రీవీల్ అన్నీ బండియే. "తొక్కితే పలకలు నీళ్లను నూకుతయి. గాలి ఉన్నప్పుడు చక్రం ఉత్తగ తిరుగుతది, కాళ్లకు తగలది" అని అన్నం తినుకుంట చెప్పిండు. ఆ దినం మారు అన్నం పెట్టించుకున్నడు.

మా దుకాణం రివాజు ఒకటుంది. కొత్త బండి ఏదైనా మొదలు నేను ఎక్కి కూసోవాలె, ఆయన తొక్కాలె. పడవకు గూడ గంతే. చెరువు కాడ నేను నిమ్మకాయ పట్టుకొని, "చక్రం కింద పెడదమంటే నీళ్లేనాయె" అంటే, "పట్టుకొనే కూసో. నీ బరువుకే మునుగుతదేమోనని నా భయం" అన్నడు. సారు గట్టు మీద నవ్విండు. గాలి లేదు, తెరచాప చుట్టిపెట్టిండ్రు.

తొక్కిండు. పడవ కదిలింది! చల్ల చిలికినట్టు సప్పుడు. ఆయన ఈపు నిటారుగ లేసింది. జర దూరం పోయినమో లేదో, గుర్రపుడెక్క చక్రానికి సుట్టుకుంది. ఒక దుబ్బు ఎంబడి ఇంకో దుబ్బు. చక్రం బిగుసుకుంది.

"ఎనకకు తొక్కు, ఊడొస్తది" అన్న.

తొక్కిండు. ఫ్రీవీల్ ముందలికి తొక్కితేనే పట్టుకుంటది; టకటక అన్నది గని చక్రం కదల్లే. గప్పుడు నా దిక్కు సూసిండు. బండి ఎనకకు పోవాల్నంటే దిగి చేతులతోని గుంజుతం. జిందగీ అంత అట్లనే చేసిండు, ఎనకకు తొక్కే పని ఎన్నడు పడలే. నీళ్లల్ల యాడ దిగుతం?

చేపలు పట్టేటోళ్లు తెప్ప మీద ఒచ్చి మమ్ముల గుంజుకపోయిండ్రు.

"ఫ్రీవీల్ తీసి గట్టి పళ్లచక్రం ఏస్త సార్, ఎనకకు గూడ తిరుగుతది" అన్నడు గట్టు మీద.

"వద్దులెండి. మా ఇంట్లోవాళ్లు పడవకి బ్యాటరీ మోటారు పెట్టించుకోమంటున్నారు. పాపం, చాలా శ్రమపడ్డారు." సారు మర్యాదగనే అన్నడు.

ఆటోల ఇల్లు చేరినం. పోంగనే తాళంచెవి కొడుకు ముంగట పెట్టిండు.

"ఇంకొన్ని దినాలు సూడు నాయినా." కొడుకు ఈసారి నవ్వలే.

"మాటంటే మాటే."

ఇప్పుడు ఆ షటర్ల సాంబారు మసులుతది. దిల్‌సుఖ్‌నగర్ పోవాల్నంటే ఆయన ఆ గల్లీ తప్పించి సుట్టు తిరిగి పోతడు. కుర్చీల కూసున్నప్పుడు కాళ్లు ఊకుండవు, కింద మెల్లగ ఆడుతుంటయి. నేను సూడనట్టే కూరగాయలు కోసుకుంట ఉంట.

ఇన్నరు గద బిడ్డా. మీ ఇంట్ల పని తెలిసిన చేతులకు పని కరువు గావొద్దు. పొద్దున పోయినోళ్లు మాపటికి అలిసి, ఆకలితోని, నవ్వుకుంట ఇల్లు చేరాలె. పిల్లజెల్లతోని సల్లగుండుండ్రి.