బానెట్ కింది నిమ్మకాయ

2023 వానాకాలం. పటాన్‌చెరు సర్వీస్ రోడ్డు పక్కన నా కార్ల షెడ్డు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. నేను ఈ దుమ్ములోనే పెరిగి, ఈ ఇంజిన్ల మధ్యే జుట్టు నెరిసేదాకా పనిచేశాను. ఇన్నేళ్లలో నన్ను ఏడిపించింది గేర్‌బాక్సూ కాదు, క్లచ్చూ కాదు, చెక్ ఇంజిన్ లైటు. ఇంజిన్‌లో ఏ సెన్సరు తప్పు చెప్పినా డాష్‌బోర్డు మీద వెలిగే పసుపు బొమ్మ అది. వెలిగి ఉంటే పట్టుకోవచ్చు. వెలిగి ఆరిపోయే లైటుంది చూశారూ, దానంత దొంగది లోకంలో లేదు.

యాదగిరిది గుమ్మడిదల. ఒక మందుల కంపెనీకి స్టాఫ్ వ్యాను నడిపేవాడు. సొంత బండి, ఇంటికి అదే ఆధారం. ఆ కంపెనీలో మండే రసాయనాలుంటాయి కాబట్టి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు డ్రైవరు పక్క అద్దంలోంచి డాష్‌బోర్డు చూస్తారు. వార్నింగ్ లైటు వెలిగితే బండి లోపలికి పోదు. మూడుసార్లు దొరికితే ఇక ఆ బండి అక్కర్లేదంటారు. యాదగిరి అప్పటికే ఒకసారి దొరికాడు.

"అన్నా, పొద్దుగాల వెలిగింది, మాపటికి ఆరింది. గేటు కాడ్నే వెలుగుతది, నా మీద పగవట్టినట్టు. జెర సూడన్నా."

స్కానర్ పెట్టాను. బండి కంప్యూటరు దాచుకున్న తప్పును కోడ్ రూపంలో చదివే యంత్రం అది. క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ అని చూపించింది. ఇంజిన్ వాల్వులు ఎప్పుడు తెరుచుకుంటున్నాయో కంప్యూటరుకు చెప్పే సెన్సర్. పాతది తీసి కొత్తది వేశాను. కొన్నాళ్లు హాయిగా తిరిగింది. ఆ తర్వాత మళ్లీ వెలిగింది, గేటు దగ్గర రెండోసారి దొరికాడు.

ఈసారి సెన్సరుకు వైర్లు కలిసే కనెక్టరు ఊడదీశాను. లోపలి పిన్నుల మీద పచ్చగా చిలుము. నాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, ఇంజిన్ మీద నీళ్లు కొట్టించావా?"

"లేదన్నా, పిల్లల మీద ఒట్టు. బయట గుడ్డతోనే తుడుస్త."

"మరి చిలుము ఆకాశంలోంచి ఊడిపడిందా?"

కనెక్టరు మార్చి, చుక్క నీరు కూడా దిగకుండా వైర్ల మీద టేపు బిగించి చుట్టాను. స్కానర్ ఏ తప్పూ చూపించలేదు. "ఇక రాదు పో" అన్నాను ధీమాగా. యాదగిరి నా చేతులు పట్టుకున్నాడు. "ఇంకోపాలి దొరికితే ఇగ అంతే అన్నా. నువ్వే దిక్కు." ఇంజిన్ ముందు ఎవరూ ఎవరికీ దిక్కు కారని అప్పుడే చెప్పాల్సింది.

ఒక ఉదయం వ్యాను షెడ్డు ముందు ఆగింది. స్టాఫ్ లేరు. గేటు దగ్గర వాళ్లను దింపి నడిపించి, బండిని వెనక్కి పంపేశారు. అతను సీట్లోంచి దిగలేదు. "అయిపోయిందన్నా. రేపట్సంది రావద్దన్నరు."

నేనే బానెట్ ఎత్తాను. వేడి ఇంజిన్ మీంచి పులిహోర తాలింపు లాంటి వాసన. లోపల, నేను టేపు చుట్టిన వైర్లకే నల్లదారంతో కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు. వేడికి మెత్తబడ్డ నిమ్మకాయ రసం దారం వెంట దిగి, టేపులోకి ఇంకి, నేరుగా కనెక్టరులోకి పోతోంది. నీళ్లు దిగకుండా చుట్టిన టేపే ఆ పుల్లటి రసాన్ని పట్టి ఉంచింది.

"ఇదేంటి యాదగిరీ? ఇన్నిసార్లు చూశాను, ఇది లేదే!"

"ముంగట కడితే గేటు కాడ తెంపేస్తరన్నా, ఏం యేలాడొద్దంట. అందుకే లోపల కట్టినం. బండి పరాయోళ్ల చేతికిచ్చేటప్పుడు తీస్తం, ముట్టొద్దు గద. రిపేరై ఇంటికొచ్చినంక మా సుజాత కొత్తది కడ్తది." ఇవాళ గేటు నుంచి ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు కాబట్టే అది ఉంది. "ఏందన్నా, గిదేనా?"

అవునన్నాను. నేను బాగుచేసి పంపిన ప్రతిసారీ ఆ ఇల్లాలు, మళ్లీ పాడవకూడదని, రసమున్న కాయ ఏరి మరీ కట్టింది. యాదగిరి దారం తెంపి కాయను అరచేతిలో పెట్టుకున్నాడు. "ఆమెకు చెప్పకన్నా. పోయినేడు బండి బోల్తవడ్డప్పటి సంది ఆమెకు గదే ధైర్యం."

కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను. తప్పు దొరికింది, ఇక నాది పూచీ అన్నాను. "వేరే బండి పెట్టేశాం" అన్నాడు. అంతే. బతిమాలితే ఫోన్ పెట్టేశాడు.

కనెక్టరు మార్చాక ఆ లైటు మళ్లీ వెలగలేదు. ఏం లాభం, పెళ్లయ్యాక బాజాలు! యాదగిరి వ్యాను అమ్మేశాడు. కొన్నవాళ్లు షెడ్డు నుంచే తీసుకెళ్లే రోజు సుజాత కూడా వచ్చింది. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"తప్పు నాదే అన్నా. ఒక్క నిమ్మకాయ సాలలే. అమాసకు గుమ్మడికాయ గూడ కొట్టాల్సుండె. బద్దకం జేసిన."

యాదగిరి నా కళ్లలోకి చూశాడు. "నీ తప్పేం లేదమ్మా, వైరు పాతబడింది" అన్నాను. ఆమె నమ్మలేదు. కొంగు ముడి విప్పి కొత్త నిమ్మకాయ తీసింది. "కొన్నోళ్లన్నా సల్లగుండాలె" అంటూ బానెట్ ఎత్తమంది. నేను ఎత్తలేదు. కాయ అందుకుని ముందు బంపరుకు కట్టాను.

ఇప్పుడు ఏ బండి వచ్చినా స్కానర్ తీయకముందే అడుగుతాను: "ఇక్కడికి వచ్చేముందు బండిలోంచి ఏం తీశారు?" కొందరు నవ్వుతారు, కొందరు పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తారు. యాదగిరి ఇప్పుడు అదే కంపెనీలో డ్రమ్ములు దొర్లిస్తున్నాడు. రోజూ పొద్దున్నే ఇంకొకరి వ్యాను వెనక సీట్లో కూర్చుని ఆ గేటు దాటుతాడు. సెక్యూరిటీ అతను డాష్‌బోర్డు వైపు వంగినప్పుడల్లా ఇప్పటికీ గుండె ఆగుతుందట.